రాయిలో నార... రొమ్ములో ముల్లు!

వానలు మొదలు కాబోతున్నాయి. పెరట్లో వంటగది మీద సిమెంటు రేకు ఒకటి చిట్లింది. మేస్త్రీని పిలిపించారు. అతను కొత్త రేకు తెచ్చి, వసారాలోనే పెట్టి రంపంతో కోశాడు. డ్రిల్లుతో నాలుగు కంతలు పెట్టి, బోల్టులు బిగించి, కూలి తీసుకుని వెళ్ళిపోయాడు. వసారా నిండా బూడిద రంగు దుమ్ము. ఇల్లాలు చీపురు పట్టుకుని చిమ్మేసింది. పక్కనే పిల్లవాడు ఆడుకుంటున్నాడు. అందరూ రెండు మూడుసార్లు తుమ్మారు. అంతటితో ఆ సంగతి మరచిపోయారు.

మరి అది మరచిపోదగ్గ సంగతేనా? ఇంట్లో ఎప్పుడో ఒకసారి జరిగిన పనికి బెంబేలు పడనక్కర్లేదు. కాని ముప్ఫయ్యేళ్ళుగా రోజూ ఆ రేకులే కోస్తున్న మేస్త్రీ మాట ఏమిటి? సాయంత్రం అతను విడిచిన చొక్కాను దులిపి ఉతికే అతని భార్య మాట ఏమిటి? అరవయ్యేళ్ళ వయసులో నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చి అతను డాక్టరు దగ్గరకు వెళ్తే, "బీడీలు మానెయ్, ఉబ్బసంలా వుంది" అని మందు రాసిచ్చి పంపేస్తే, అసలు కారణం ఎప్పటికైనా బయటపడుతుందా?

ఆ రేకులో వున్నది ఆస్బెస్టాస్. మన తెలుగులో రాతినార. ఈ నార మనుషులు చేసింది కాదు. కొండ కడుపులో కోట్ల సంవత్సరాల క్రితం పుట్టింది. అది ఎలా పుట్టిందో, దాన్ని ఎలా వెతికారో తెలిస్తే అది మన శరీరంలో చేసే అల్లరి కూడా సులభంగా అర్థమవుతుంది. అందుకని ముందు కొండ దగ్గరకు వెళదాం, తరువాత రొమ్ము దగ్గరకు వద్దాం.

రాయిలో నార ఎలా పుడుతుంది?

హైదరాబాదు చుట్టుపక్కల గుండ్రాళ్ళు పేర్చినట్టుండే గ్రానైటు బండలు మీరు చూసే వుంటారు. వాటిలో నూటికి సుమారు డెబ్బయి పాళ్ళు సిలికా వుంటుంది. అంటే ఇసుకలో వుండే పదార్థమే. దీనికి పూర్తిగా భిన్నమైన రాళ్ళు ఇంకొకరకం వున్నాయి. వాటిలో సిలికా నూటికి 45 పాళ్ళకన్నా తక్కువ. మెగ్నీషియం, ఇనుము మాత్రం దండిగా వుంటాయి. భూమి పైపొరకు అడుగున, బాగా లోతులో వుండే పదార్థం ఇటువంటిదే. నల్లగా, ముదురు ఆకుపచ్చగా, బరువుగా వుండే ఈ రాళ్ళను శాస్త్రజ్ఞులు అల్ట్రామాఫిక్ శిలలంటారు. పెరిడొటైట్, డ్యూనైట్, పైరాక్సినైట్ అనేవి ఈ కుటుంబంలోని వాళ్ళే.

ఈ రాళ్ళు లోతుల్లో పుట్టినవి కనుక పైకి వచ్చాక నీటికి తట్టుకోలేవు. భూమి పొరలు కదిలి, ఒరుసుకుని, ఇవి పైకి నెట్టబడినప్పుడు పగుళ్ళలోంచి వేడినీరు లోపలికి చొరబడుతుంది. రాతిలోని ఆలివిన్ అనే ఖనిజం ఆ నీటిని పీల్చుకుని సర్పెంటైన్ అనే కొత్త ఖనిజంగా మారిపోతుంది. పాముచర్మంలా పచ్చగా, నున్నగా మెరుస్తుంది కనుక దానికా పేరు. ఈ సర్పెంటైను బరువులో నూటికి సుమారు 13 పాళ్ళు నీరే. పప్పు నానితే ఉబ్బినట్టు రాయి కూడా ఉబ్బుతుంది. ఉబ్బి మళ్ళీ పగులుతుంది. ఆ సన్నటి పగుళ్ళలో సర్పెంటైన్ ఒక్కొక్కసారి పలకలుగా కాక, పట్టుదారాల వంటి పోగులుగా పేరుకుంటుంది. ఇదే క్రిసొటైల్. తెల్లని రాతినార.

పోగు ఎందుకవుతుంది? ఈ ఖనిజంలో రెండు పొరలు అతుక్కుని వుంటాయి. ఒకటి మెగ్నీషియం పొర, రెండోది సిలికా పొర. మెగ్నీషియం పొర కాస్త పెద్దది, సిలికా పొర కాస్త చిన్నది. రెండూ సరిపడక చాప చుట్టుకున్నట్టు చుట్టుకుపోతాయి. ఆ చుట్టే పోగు. ఒక్కొక్క పోగు మన వెంట్రుకకన్నా రెండు మూడు వేల రెట్లు సన్నం! గోటితో గీరితే రాయి దూదిలా విచ్చుకోవడం ఇందువల్లనే.

రాతినారలో రెండవ కుటుంబం కూడా వుంది. దాని పేరు ఆంఫిబోల్. ఇవి చుట్టుకున్న చాపలు కావు, తిన్నని సూదులు. ట్రెమొలైట్, ఆంథోఫిల్లైట్ అనే రకాలు ఈ అల్ట్రామాఫిక్ రాళ్ళ పరిసరాల్లోనే పుడతాయి. నీలి రాతినార అనే క్రోసిడొలైట్ మాత్రం ఇనుపరాతి పొరల్లో పుడుతుంది.

ఇంకొక చుట్టం పేరు చెబితే మీకు నవ్వొస్తుంది. బలపపు రాయి! మన రాచిప్పలు మలిచేది ఈ రాతితోనే. మెగ్నీషియం, సిలికా, నీరు కలిసి పుట్టినదే అదీను. రాచిప్పలో పులుసు కాచుకోవడం వేరు, ఆ రాళ్ళను చెక్కేచోట కూర్చుని దుమ్ము పీల్చడం వేరు. బలపపు రాయి పుట్టిన చోట ఒక్కొక్కసారి ట్రెమొలైటు సూదులు కూడా కలిసి వుంటాయి. ముఖానికి రాసుకునే పౌడర్లకు వాడే టాల్కులో రాతినార లేదని పరీక్ష చేసి చూడాలనడానికి కారణం ఇదే.

ఎక్కడెక్కడ దొరికింది?

కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో థెట్‌ఫర్డ్ అనే చోట 1876లో ఈ నార బయటపడింది. దానికి దగ్గరలోనే ఒక ఊరికి 'ఆస్బెస్టాస్' అనే పేరు పెట్టుకున్నారు. అన్నం పెట్టిన నార కనుక ఆ పేరు వాళ్ళకు గర్వకారణమైంది. కాలం గడిచింది. గనులు మూతపడ్డాయి. 2018లో కెనడా దీని వాడకాన్ని నిషేధించింది. 2020లో ఆ ఊరివాళ్ళు ఓట్లు వేసి ఊరి పేరే మార్చుకున్నారు. ఒక రాయి ప్రతిష్ఠ ఎలా తలకిందులైందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

రష్యాలో యూరల్ పర్వతాల దగ్గర 'అస్బెస్ట్' అనే పట్టణం వుంది. అక్కడ తవ్వకం ఇప్పటికీ సాగుతూనే వుంది. ప్రపంచంలో రాతినార ఎక్కువగా తవ్వే దేశం రష్యాయే. జింబాబ్వేలోని షబానీ గనులు కూడా ఒకప్పుడు పేరెన్నికగన్నవి. ఈ మూడు చోట్లా నార పుట్టింది అల్ట్రామాఫిక్ రాళ్ళలోనే.

మన దేశానికి వస్తే, జార్ఖండ్‌లో చైబాసా దగ్గర రోరో కొండలున్నాయి. ఆ కొండల్లోనివి అల్ట్రామాఫిక్ శిలలే. అక్కడి రాతినార గని 1983లో మూతపడింది. పనివాళ్ళు వెళ్ళిపోయారు గాని, తవ్విపోసిన మట్టి గుట్టలు కొండవాలు మీద అలాగే వుండిపోయాయి. వాన పడితే ఆ మట్టి కిందనున్న పొలాల్లోకి కొట్టుకు వస్తుంది. గని మూసినంత మాత్రాన దుమ్ము మూసుకుపోదని గ్రహించండి.

ఇక మన ఇంటి సంగతి. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో బ్రాహ్మణపల్లె, లింగాల పరిసరాల్లో నాణ్యమైన క్రిసొటైల్ దొరికింది. ఇది పుట్టిన తీరు మాత్రం వేరు. అక్కడున్నవి అల్ట్రామాఫిక్ రాళ్ళు కావు. భూగర్భ శాస్త్రజ్ఞులు వేంపల్లె పేరు పెట్టిన మెగ్నీషియం గల సున్నపురాతి పొరలు. వాటి మధ్యకు కరిగిన డాలరైట్ శిల చొచ్చుకు వచ్చింది. ఆ వేడికి, నీటికి, సిలికాకు సున్నపురాయి అంచు సర్పెంటైనుగా మారి, అందులో నార పడింది. తల్లులు వేరైనా బిడ్డ ఒకటే. అక్కడ అల్ట్రామాఫిక్ శిల, ఇక్కడ సున్నపురాయి. మెగ్నీషియం వుండి, సిలికా, వేడినీరు కలిస్తే నార పుట్టవచ్చునన్నమాట.

మన ప్రభుత్వం 1986లో రాతినారకు కొత్త గనుల లీజులివ్వడం ఆపింది. 1993లో పాత లీజుల పొడిగింపు కూడా ఆపింది. కాని తవ్వకం ఆపడం వేరు, వాడకం ఆపడం వేరు. విదేశాల నుంచి తెల్లని రాతినార మన దేశానికి దిగుమతి అవుతూనే వుంది. అందులో చాలా భాగం సిమెంటు రేకుల్లోకే వెళ్తుంది.

ఎలా వెతికేవారు?

"కొండ లోపల నార వున్నట్టు ఎలా తెలుస్తుందండీ?" అని మీరడగవచ్చు. మొదట పటం గీస్తారు. పచ్చటి సర్పెంటైన్ రాయి ఎక్కడెక్కడ పైకి కనిపిస్తోందో చూస్తారు. తరువాత అయస్కాంత పరీక్ష. ఆలివిన్ సర్పెంటైనుగా మారేటప్పుడు దానిలోని ఇనుము విడివడి మాగ్నటైట్ అనే అయస్కాంత ఖనిజంగా తేలుతుంది. కనుక మాగ్నెటోమీటరు పట్టుకుని నడిస్తే ఆ రాయి మన్ను కింద దాగివున్నా జాడ తెలుస్తుంది. విమానంలో ఎగురుతూ కూడా ఈ కొలతలు తీస్తారు. అయితే ఇది రాయి జాడే గాని నార జాడ కాదు. అందుకని ఆ తరువాత కందకాలు తవ్వుతారు. వజ్రపు కొన గల డ్రిల్లుతో లోతుగా రాతికడ్డీలు తీస్తారు. ఆ కడ్డీ పొడవునా నార చారలెన్ని, ఒక్కొక్కదాని వెడల్పెంత అని కొలుస్తారు.

చారలో నార అడ్డంగా నిలబడితే చార వెడల్పే పోగు పొడవు. అందుకే పోగు పొడవు చాలా చోట్ల గోటి వెడల్పు కూడా వుండదు. ముప్పావు అంగుళం దాటినదాన్ని మొదటి రకమని చేత్తో ఏరి పక్కన పెట్టేవారు. అనేక గనుల్లో తవ్విన రాతిలో నార నూటికి పది పాళ్ళు కూడా వుండదు. తక్కినదంతా పిండి చేసి, నార దులిపి, పారబోయవలసిందే. ఆ పారబోతలోనూ సన్న పోగులు మిగిలిపోతాయి. గనుల పక్క తెల్లటి గుట్టలు లేవడానికి కారణం ఇది.

ఇప్పుడీ విద్యకు కొత్త ప్రయోజనం ఏర్పడింది. ఒకప్పుడు తవ్వడానికి గీసిన పటాలను ఇప్పుడు తప్పించుకోవడానికి వాడుతున్నారు. మనవాళ్ళ పిల్లలు చాలామంది స్థిరపడిన కాలిఫోర్నియాలో సర్పెంటైన్ కొండలు ఎన్నో వున్నాయి. అక్కడ అటువంటి నేలలో రోడ్డు వేయాలన్నా, ఇల్లు కట్టాలన్నా నేలను తడుపుతూ, దుమ్ము లేవకుండా పని చేయాలని 2002 నుంచి నిబంధన వుంది. ఆ రాతి కంకరను రోడ్ల మీద పరవడానికీ ఆంక్షలున్నాయి.

వెల్ల వేస్తే జబ్బా?

గనిలో పని చేయని వాళ్ళకు కూడా ఈ జబ్బు వస్తుందా? వస్తుంది. గ్రీసు దేశంలో మెట్సోవో అనే కొండ ఊరు వుంది. అల్ట్రామాఫిక్ రాళ్ళున్న పర్వతాలవి. అక్కడి ఆడవాళ్ళు దగ్గరలో దొరికే తెల్లమట్టిని తెచ్చి, కలిపి, ఇంటి గోడలకు పూసేవారు. మనం పండగకు వెల్ల వేసుకున్నట్టే. ఆ మట్టిలో ట్రెమొలైటు సూదులున్నాయి. 1980 దశకంలో డాక్టర్లు ఆ ఊరివాళ్ళ ఎక్స్‌రేలు తీసి చూసి ఆశ్చర్యపోయారు. ఊపిరితిత్తుల పైపొర మీద సున్నపు పెళ్ళల వంటి మచ్చలు! కొందరికి పైపొర క్యాన్సరు. వాళ్ళలో ఎవరూ ఫ్యాక్టరీ మొహం చూసినవాళ్ళు కారు.

పసిఫిక్ సముద్రంలోని న్యూ కలెడోనియా దీవిలోనూ ఇదే కథ. అక్కడా ట్రెమొలైటు మట్టితో ఇళ్ళకు వెల్ల వేశారు, అక్కడా పైపొర క్యాన్సరు కనిపించింది.

అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని లిబ్బీ ఊరి సంగతి ఇంకా విచారకరం. అక్కడ తవ్వింది రాతినార కాదు, వర్మిక్యులైట్ అనే మెరిసే ఖనిజం. అది పుట్టిన అల్ట్రామాఫిక్ శిలలో ఆంఫిబోల్ సూదులు కలిసి వున్నాయి. గని 1990లో మూతపడింది. 1999లో గాని ప్రభుత్వం పరీక్షలకు దిగలేదు. 2009లో ఆ ఊరిలో ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించారు. గని కార్మికులే కాక, వాళ్ళ ఇల్లాళ్ళు, పిల్లలు కూడా జబ్బు పడ్డారు.

ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతుంది?

మామూలు దుమ్ము ముక్కులో, గొంతులో చిక్కుకుని కళ్ళెతో బయటకు వచ్చేస్తుంది. రాతినార పోగు చాలా సన్నం కనుక గాలితోపాటు నేరుగా చిట్టచివరి గాలి గుల్లల దాకా వెళ్తుంది. అక్కడ శరీరానికి కాపలా కాసే కణాలుంటాయి. అవి ధూళి కణాన్ని మింగి హరిస్తాయి. కాని పొడుగాటి సూదిని మింగడం వాటి తరం కాదు. సగం మింగి చచ్చిపోతాయి. ఆ చచ్చిన కణాల రసాలు చుట్టూ వాపు పుట్టిస్తాయి. వాపు మానిన చోట మచ్చ కడుతుంది. అరికాల్లో విరిగిన ముల్లు చుట్టూ కాయ కట్టినట్టన్నమాట. తేడా ఏమిటంటే, అరికాలి ముల్లును పిన్నీసుతో తీయవచ్చు. దీన్ని తీయడానికి సాధనం లేదు.

దీనివల్ల వచ్చే జబ్బులు ముఖ్యంగా ఇవి:

ఒకటి – ఆస్బెస్టాసిస్. స్పాంజిలా మెత్తగా వుండవలసిన ఊపిరితిత్తి మచ్చలు కట్టి అట్టలా బిగుసుకుపోతుంది. ఏళ్ళ తరబడి దుమ్ము పీల్చినవాళ్ళకు వస్తుంది.

రెండు – ఊపిరితిత్తుల క్యాన్సరు.

మూడు – మీసోథీలియోమా. ఊపిరితిత్తులను, పొట్టను కప్పివుండే పలచని పొరకు వచ్చే క్యాన్సరు. దీనికి కొద్దిపాటి దుమ్ము కూడా కారణం కావచ్చు. దుమ్ము పీల్చిన ఇరవయ్యేళ్ళకో నలభయ్యేళ్ళకో, ఒక్కొక్కసారి ఇంకా ఆలస్యంగానో బయటపడుతుంది.

నాలుగు – ఊపిరితిత్తి పైపొర మందం కావడం, అక్కడ నీరు చేరడం. ఇవిగాక స్వరపేటికకు, ఆడవారిలో అండాశయానికి క్యాన్సరు రావడానికీ రాతినార కారణమని తేలింది.

ఇవి కొత్తగా కనిపెట్టిన సంగతులు కావు. ఇంగ్లండులో రోచ్‌డేల్ అనే ఊళ్ళో రాతినార నూలు వడికే నెలీ కర్షా అనే ఆవిడ 1924లో 33 ఏళ్ళకే చనిపోయింది. డాక్టరు కుక్ ఆమె ఊపిరితిత్తులను పరీక్షించి, అందులోని రాతి పోగులే కారణమని రాశాడు. 1927లో ఆ జబ్బుకు ఆస్బెస్టాసిస్ అని పేరు పెట్టాడు. 1955లో రిచర్డ్ డాల్ ఊపిరితిత్తుల క్యాన్సరుతో సంబంధం చూపాడు. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నరు, అతని సహచరులు నీలి రాతినార ప్రాంతంలో 33 మంది మీసోథీలియోమా రోగులను గుర్తించారు. వాళ్ళలో కొందరు గనిలో దిగినవాళ్ళే కారు. చిన్నప్పుడు గని దగ్గరి ఊళ్ళో పెరిగారు, అంతే. 1965లో లండనులో పనివాళ్ళ బట్టలుతికిన ఇంటివాళ్ళలోనూ ఈ జబ్బు కనిపించింది.

"తెల్లని నార మంచిది, నీలిదే చెడ్డది" అని కొందరంటారు. సూదుల రకాలు మరింత ప్రమాదకరమన్న మాట నిజమే. కాని తెల్లనిది క్షేమమని కాదు. అన్ని రకాలూ మనుషులకు క్యాన్సరు కలిగిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. పనిచోట్ల పీల్చిన రాతినార వల్ల ఏటా ప్రపంచంలో 2 లక్షలకు పైగా మరణిస్తున్నారని ఆ సంస్థ అంచనా.

బీడీ తోడైతే...

రాతినార, పొగ – ఈ రెండూ కలిస్తే నిప్పుకు నెయ్యి తోడైనట్టే. అమెరికాలో సెలికాఫ్, హామండ్ అనే శాస్త్రజ్ఞులు 1979లో ప్రకటించిన లెక్క చూడండి. పొగ తాగని, రాతినారతో పని చేయని మనిషికి ఊపిరితిత్తుల క్యాన్సరు భయం 1 అనుకుంటే, రాతినార పనివాడికి సుమారు 5. పొగ తాగేవాడికి సుమారు 11. రెండూ వున్నవాడికి 16 కాదు, 53! ఊపిరితిత్తిలో దిగిన ముల్లును మనం తీయలేం గాని బీడీని తీసి పారేయగలం. మీ ఇంట్లో రేకుల పని చేసేవారుంటే వాళ్ళకు మీరు చేయగల మొదటి ఉపకారం ఇదే.

గుర్తుపట్టడం ఎలా?

మొదట మెట్లెక్కితే ఆయాసం. తరువాత నడిచినా ఆయాసం. ఎడతెగని పొడిదగ్గు, రొమ్ము పట్టేసినట్టుండడం. ముదిరితే వేలి చివరలు లావెక్కి గోళ్ళు చిలకముక్కులా వంగుతాయి. డాక్టరు వీపుమీద స్టెతస్కోపు పెట్టి వింటే అడుగుభాగాన చిటపట శబ్దాలు వినిపిస్తాయి. మన దేశంలో ఈ లక్షణాలు చూడగానే క్షయ, ఉబ్బసం గుర్తుకు వస్తాయి. కళ్ళె పరీక్ష చేయించవలసిందే. కాని అది లేదని తేలినా ఆయాసం తగ్గకపోతే ఎక్స్‌రే, ఊపిరి కొలిచే స్పైరోమెట్రీ, అవసరమైతే సి.టి. స్కాను తీయించాలి.

అన్నిటికన్నా ముఖ్యం, డాక్టరుకు మీ పని చెప్పండి. ఇప్పటి పనే కాదు, ఇరవయ్యేళ్ళ క్రితం మానేసిన పని కూడా. రేకుల ఫ్యాక్టరీ, గని, మిల్లు, బాయిలర్లకు వేడి తగలకుండా చుట్టే పని, ఓడలు విడగొట్టే పని, లారీ బ్రేకుల పని, పాత కట్టడాలు కూల్చే పని, వీటిలో ఏది చేసినా చెప్పండి. ఆయన అడగకపోయినా మీరే చెప్పండి.

ఈ మచ్చలను చెరిపే మందు లేదు. అయితే చేయగలిగింది చాలా వుంది. ఆ దుమ్ముకు దూరం కావడం, పొగ మానడం, ఫ్లూకు, న్యుమోనియాకు టీకాలు వేయించుకోవడం, డాక్టరు చెప్పిన శ్వాస వ్యాయామం, అవసరమైతే ఆక్సిజన్ – వీటివల్ల ఎన్నో ఏళ్ళు సుఖంగా గడపవచ్చు.

మాది రేకుల ఇల్లే. ఇప్పుడేం చేయాలి?

కంగారు పడకండి. రేకులో రాతినార పోగులు సిమెంటులో బిగిసి వుంటాయి. రేకు గట్టిగా, పగలకుండా వున్నంతవరకు దాని కింద నిద్రపోయినందువల్ల ప్రమాదం చాలా తక్కువ. కోసినప్పుడు, కంతలు పెట్టినప్పుడు, గీకినప్పుడు, పగలగొట్టినప్పుడు మాత్రమే పోగులు గాలిలోకి లేస్తాయి. ఈ జాగ్రత్తలు పాటించండి.

1. రేకును పొడిగా కోయవద్దు. తప్పనిసరైతే ఆరుబయట, పిల్లలకు దూరంగా, బాగా నీళ్ళు పోసి తడిపి, చేతి రంపంతో కోయించండి. కరెంటు రంపం అసలు వద్దు.

2. దుమ్మును చీపురుతో ఊడ్చవద్దు. నీళ్ళు చల్లి తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కూడా సంచిలో మూటకట్టి పారేయండి.

3. నాచు పట్టిందని ఇనుప బ్రష్షుతో తోమవద్దు. గొట్టంతో నీళ్ళు బలంగా కొట్టించవద్దు.

4. వేసవిలో చల్లదనానికి పైన తెల్లరంగు వేయించుకోవచ్చు. కాని ముందు గీకించవద్దు. పాత రేకు మీద కాలు పెట్టి నడవనివ్వవద్దు. రేకు విరిగి మనుషులు కింద పడిన సందర్భాలు ఎన్నో వున్నాయి.

5. పగిలిన ముక్కలను దంచి గుంటలు పూడ్చడానికి, పొయ్యికి అడ్డం పెట్టడానికి వాడవద్దు. పిల్లల ఆటకు అసలే ఇవ్వవద్దు. తడిపి, మందపాటి ప్లాస్టిక్ షీటులో చుట్టి, మునిసిపాలిటీ వాళ్ళనడిగి వాళ్ళు చెప్పిన చోట వేయండి.

6. ముక్కుకు కట్టుకునే తువ్వాలు ఈ పోగులను ఆపలేదు. ఇటువంటి సన్నటి ధూళి కోసం తయారు చేసిన, మొహానికి బిగుతుగా పట్టే మాస్కు కావాలి.

7. పని చేసి వచ్చినవాళ్ళ బట్టలు ఇంట్లో దులపవద్దు. విడిగా నీళ్ళలో నానబెట్టి విడిగా ఉతకండి. ఇంటికొచ్చాక స్నానం చేసిన తరువాతే పిల్లలనెత్తుకోవాలి.

8. మెకానిక్కులు బ్రేకు డ్రమ్ములోని దుమ్మును గాలి కొట్టి ఊదకూడదు. తడిగుడ్డతో తుడవాలి.

9. కొత్తగా ఇల్లు వేసుకునేవారు రాతినార లేని రేకులు అడిగి తీసుకోండి. అలాంటివి బజారులో దొరుకుతున్నాయి.

"రేకు మీంచి పడే వాననీళ్ళు తాగితే?" అని కొందరడుగుతారు. ఈ నార వల్ల ప్రధాన ప్రమాదం పీల్చడం వల్లనే. అయినా పాతబడి పొట్టు రాలే రేకు మీది నీళ్ళను తాగడానికి పట్టకపోవడం మంచిది.

చట్టం ఏమంటుంది?

ఆస్బెస్టాసిస్ చట్టం ప్రకారం డాక్టరు ప్రభుత్వానికి తెలియజేయవలసిన వృత్తివ్యాధి. పని వల్ల ఈ జబ్బు వచ్చిందని తేలితే నష్టపరిహారం అడిగే హక్కు కార్మికుడికి వుంది. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఇంకొక ముఖ్యమైన మాట వుంది. రాతినార పరిశ్రమలు ప్రతి కార్మికుడి ఆరోగ్య వివరాలనూ పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్ళో, పని మానిన తరువాత 15 ఏళ్ళో, ఏది ఎక్కువ కాలమైతే అంతవరకు భద్రపరచాలి. జబ్బు ఎంత ఆలస్యంగా బయటపడుతుందో కోర్టువారికి తెలుసు. కనుక పాత గుర్తింపు కార్డు, జీతం చీటీ, పాత ఎక్స్‌రే ఏదైనా సరే, చిత్తు కాగితమని పారేయకండి. పెట్టెలో దాచండి.

ఇక మొదట చెప్పిన మేస్త్రీ దగ్గరకు మళ్ళీ వద్దాం. ఈసారి అతను రేకు తెచ్చినప్పుడు వసారాలో పెట్టనివ్వకండి. పిల్లలను పక్కింటికి పంపండి. బకెట్టు నిండా నీళ్ళు తెచ్చి అతని చేతికిచ్చి, "తడిపి కొయ్యి నాయనా, ఈ దుమ్ము మంచిది కాదు" అని చెప్పండి. "ముప్ఫయ్యేళ్ళుగా చేస్తున్నాను, నాకేం కాలేదమ్మా" అంటాడు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా అని అడగండి. వస్తోందంటే, ఛాతీ డాక్టరు దగ్గరకు వెళ్ళి తాను చేసే పనేమిటో ముందుగా చెప్పమనండి. ఇందులో మీకయ్యే ఖర్చు ఒక్క బకెట్టు నీళ్ళు, రెండు మంచి మాటలు.